తొలి మ్యాచ్‌లోనే చిత్తు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా వీధి పబ్ జట్టుకు ఆడతాను. ఏప్రిల్ చివర్లో సీజన్ తొలి మ్యాచ్‌లో 41కే ఆలౌటయ్యాం. అవతలివాళ్లు వికెట్ పడకుండా కొట్టేశారు. లోపమెక్కడ?

జవాబు: సగం తప్పు పిచ్‌దే. ఏప్రిల్‌లో అక్కడి నేల ఇంకా తడిగా, మెత్తగా ఉంటుంది. బంతి పడ్డాక ఆగి వస్తుంది, సీమ్ తగిలి పక్కకు పోతుంది. మన ఊళ్ల ఎండు పిచ్‌లపై అలవాటైన డ్రైవ్ అక్కడ కొడితే క్యాచ్ ఇచ్చినట్టే. ఆలస్యంగా, ఒంటికి దగ్గరగా ఆడండి. మొదటి పది ఓవర్లూ నిలబడితే పరుగులు వాటంతటవే వస్తాయి. టాస్ గెలిస్తే బౌలింగే తీసుకోండి. షార్ట్ బంతులు మానేసి వికెట్లకు గురిపెట్టండి. చలిలో ఒళ్లు వేడెక్కాకే పరుగందుకోండి (బీరుతో కాదు, అది మ్యాచ్ తర్వాత). తొడ కండరం పట్టేసి వారమైనా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. అందరూ ఒకేలా అవుటవుతుంటే మాత్రం దగ్గర్లోని క్లబ్ కోచ్‌ను నెట్స్‌కు పిలవండి.