రోజిక్రూసియన్ విద్వత్సభలో శ్రేణిక్రమము

అధికారిని నిరూపించిన పిదపనే శాస్త్రము ప్రవర్తిల్లుట మన సంప్రదాయము. పాశ్చాత్య విద్వత్సభలలోను ఇట్టి నియమము కానవచ్చును. 1867లో రాబర్ట్ వెంట్‌వర్త్ లిటిల్ ఇంగ్లండున నెలకొల్పిన ‘సొసైటాస్ రోజిక్రూసియానా ఇన్ ఆంగ్లియా’ అందుకు ఉదాహరణము. ఫ్రీమేసనులలో మూడవ మెట్టగు మాస్టర్ మేసన్ పదవినందినవారు, అందును క్రైస్తవ విశ్వాసము గలవారు మాత్రమే ఇందు ప్రవేశార్హులు. అమెరికాలోని సోదరసంస్థలోనైతే ఆహ్వానము లేనిదే ప్రవేశము లేదు. వ్యాసము రచించి సభలో చదువుట సభ్యులకు విహితము.

ఇందలి శ్రేణులు తొమ్మిది. అవి నాలుగు, మూడు, రెండుగా మూడు వర్గములు. జెలేటర్ ఆదిమము, మేగస్ అంతిమము. ఈ క్రమమునకు మూలము 18వ శతాబ్ది జర్మనీలోని స్వర్ణ రోజిక్రూసియన్ సంఘము.

రెండవ, మూడవ శ్రేణులకు థియోరికస్, ప్రాక్టికస్ అని పేళ్లు. ఈ నామసామ్యమును బట్టి వీనిని శ్రవణ మనన నిదిధ్యాసనములతో ముడివెట్టుట తగదు. అవి ఒకే జిజ్ఞాసువు ఒకే విషయమున సల్పు సాధనలు. ఇవి కర్మపూర్వకముగ వరుసగా ఒసగబడు పదవులు. పోల్చదలచినచో శైవాగమములలోని సమయి, పుత్రక, సాధక, ఆచార్య క్రమమే తగినది. అయినను భేదమున్నది. ఆగమదీక్షలో కన్నులు కట్టబడిన శిష్యుడు విడిచిన పువ్వు మండలమున పడిన చోటును బట్టి అతనికి నామము కలుగును. ఇచట సభ్యుడు తనకు నచ్చిన లాటిన్ సూక్తిని తానే యెన్నుకొనును.