అడవి యసలు, పులి వడ్డీ

అసలు నిలిపి వడ్డీ మాత్రమే వాడుకొనుట మన సంఘసభ్యు లెల్లరు నెరిగిన నియమము. అడవికిని అదియే నియమము.

నల్లమలలో నొక పెద్దపులి వారమునకు సుమారొక దుప్పినో, కణుజునో, అడవిపందినో చంపును; ఏటికి 50. ఈ తరుగు పూడవలెనన్న అచ్చట సుమారు 500 జంతువు లుండవలెను. అనగా పులి తినునది నూటికి పదివంతున వడ్డీ. మనము ఉరులొడ్డి దుప్పులను పట్టినచో అసలే తరుగును. అప్పుడు పులి మన పశువులపై బడును.

ఆడపులి ఈతకు సాధారణముగా 2 లేక 3 కూనలను గని, సుమారు 2 ఏండ్లు వెంట త్రిప్పుకొనును. కూనలు పసివిగా నుండగా తల్లి చచ్చెనా, అవియు చచ్చును. కౌజుపిట్ట యట్లు గాదు. పొదమాటున నేలపై 6 మొదలు 8 గ్రుడ్లు పెట్టును. పిల్లలు పెక్కు నక్కలపాలు, డేగలపాలైనను జాతి నిలుచును; పొదలనే కాల్చివేసినచో నిలువదు. ఈ పక్షి చెదలను, మిడుతలను తిని పైరునకు మేలు చేయును.

కావున సభ్యులను మేము కోరునది:

1. పులి చంపిన పశువుపై విషము చల్లరాదు. వెంటనే అటవీశాఖకు తెలిపి పరిహారము కోరవలెను.

2. ఉరులు గాని, కరెంటు తీగలు గాని ఒడ్డరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. ఆ తీగ తోటిరైతు ప్రాణమునే తీయవచ్చును.

3. గట్లపై కొంత పొదను కాల్చక విడువవలెను.