వంగుతూ తిరిగే కీలు

మీ ఊళ్ళో పాత జీపు ఉందా? నాలుగు చక్రాలూ లాగే జీపులో ముందు చక్రానికి రెండు పనులు ఉంటాయి. ఇంజను శక్తితో అది తిరగాలి. డ్రైవరు స్టీరింగు తిప్పినప్పుడు పక్కకు మళ్ళాలి కూడా. ఉక్కు ఇరుసు వంగదు కదా! మరి ఈ రెండు పనులూ ఒకేసారి ఎలా జరుగుతున్నాయి?

ఇరుసును రెండు ముక్కలుగా చేసి, మధ్య ఒక కీలు పెట్టారు. చాలా పాత జీపుల్లో ఈ కీలు ఇలా ఉంటుంది: ఒక్కొక్క ముక్క చివర రెండు చెవుల ఫోర్కు, ఆ రెండు ఫోర్కులనూ కలుపుతూ కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క. దీన్నే మెకానిక్కులు 'క్రాసు' అంటారు. దాని నాలుగు కొనలకూ నాలుగు చిన్న కప్పులు తొడుగుతారు. కప్పు లోపలి గోడ చుట్టూ సూదుల్లాంటి సన్నని రోలర్లు వరుసగా నిలబడి ఉంటాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్టు హుక్ ఇలాంటి కీలును వర్ణించాడు. స్ప్రింగుల గురించి మీరు చదువుకునే హుక్ సూత్రం ఆయనదే.

ఇది ఎందుకు చెడిపోతుంది? బురద, నీరు లోపలికి చేరితే గ్రీజు పోయి తుప్పు పడుతుంది. ఇంకో కారణం వింటే ఆశ్చర్యపోతారు. బండి తిన్నగా పోయేటప్పుడు కీలు వంగదు. అప్పుడు సూదులు దొర్లకుండా ఒకేచోట నిలిచి, అదురుకు క్రాసు మీద గాడులు పెడతాయి. అంటే కదలిక లేకపోవడమే అరుగుదలకు కారణం అవుతుందన్నమాట! ఆ తరువాత మలుపుల్లో 'టక్ టక్' మని చప్పుడు మొదలవుతుంది. పట్టించుకోకపోతే కప్పు ఊడి, ఫోర్కు చెవి విరగవచ్చు. విరిగిన ముక్క అడ్డుపడితే స్టీరింగే బిగుసుకుపోవచ్చు.

మరమ్మతు ఎలా చేస్తారో చూద్దాం. ముందు బండిని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెడతారు. జాకీని మాత్రమే నమ్మి బండి కింద దూరడం ప్రాణాపాయం. చక్రం విప్పి, ఇరుసును బయటికి లాగి, కప్పులను పట్టి ఉంచే లాకులు తీస్తారు. తరువాత కీలును వైసులో పెట్టి బిగిస్తారు. ఒకవైపు చిన్న గొట్టం ముక్క కప్పును నెడుతుంది. ఎదుటి కప్పు రెండోవైపున్న పెద్ద గొట్టంలోకి వచ్చేస్తుంది. ఫోర్కు రంధ్రాల తుప్పును గరుకు కాగితంతో శుభ్రం చేస్తారు.

కొత్త క్రాసు ఎక్కించేటప్పుడే అసలు పరీక్ష. సూదులు పడిపోకుండా గ్రీజే వాటిని గోడకు అంటించి ఉంచుతుంది. ఒక్క సూది జారి కప్పు అడుగున అడ్డంగా పడినా, కప్పు పూర్తిగా దిగదు. లాకు దాని గాడిలో కూర్చోదు. అప్పుడు సుత్తితో బాదితే సూది వంగుతుంది, కప్పు పగులుతుంది. అనుభవమున్న మెకానిక్కు బాదడు. కప్పు మళ్ళీ తీసి, సూదిని సరిచేస్తాడు.

చివరికి కీలును చేత్తో అన్ని వైపులా వంచి చూస్తాడు. పట్టేయకుండా, వదులుగా ఆడకుండా మెత్తగా వంగితే మరమ్మతు సరిగా జరిగినట్టే. చూశారా! అంత బరువైన జీపు మలుపు తిరగడం సూదంత రోలరు నిటారుగా నిలబడటం మీద ఆధారపడి ఉంది.