ఆంగ్లమున పెద్దబడి అక్షరములు

తెలుగు లిపియందు గాని, ఉర్దూ లిపియందు గాని పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు. ఉర్దూలో అక్షరము పదమున తానున్న చోటును బట్టి రూపము మార్చుకొనును. కాని దానివలన అర్థము మారదు. అందుచేత మన విద్యార్థులు ఆంగ్లమునందలి పెద్దబడిని ఒక అలంకారముగా తలచుట సహజమే. నిజమునకు అది అర్థములో భాగము.

మొదట సామాన్య నియమములు. వాక్యారంభమునకు పెద్దబడి వలెను. 'నేను' అను అర్థము గల 'ఐ' వాక్యమున ఎచట నున్నను పెద్దబడియే. మనుష్యుల, ఊళ్ళ, వారముల, నెలల, భాషల, దేశీయుల పేర్లకు పెద్దబడి. సమ్మర్, వింటర్ వంటి ఋతువుల పేర్లకు చిన్నబడి చాలును.

ఇక మనము తరచుగా చేయు పొరపాటు వేరొకటి కలదు. మనము గౌరవమును 'గారు' అనియు, 'సాహెబ్' అనియు చేర్చి చూపుదుము. ఆ అలవాటు చొప్పున ఆంగ్లమున ముఖ్యమని తోచిన ప్రతి మాటకును పెద్దబడి తగిలింతుము. కాలేజి అను మాట ఒక సంస్థ పూర్తి పేరులో వచ్చినపుడు పెద్దబడి. 'నేనొక కాలేజిలో చదువుచున్నాను' అన్నపుడు చిన్నబడి. పెద్దబడి గౌరవమునకు గురుతు కాదు, పేరునకు గురుతు.

శాస్త్ర విద్యార్థులు మరింత జాగరూకులై యుండవలెను. శాస్త్రజ్ఞుడైన న్యూటన్ పేరునకు పెద్దబడి. ఆయన పేర వెలసిన బలప్రమాణమును పూర్తిగా వ్రాసినపుడు చిన్నబడి. దాని సంకేతము మాత్రము పెద్ద ఎన్. వాట్, వోల్ట్, ఆంపియర్‌లకును ఇదే పద్ధతి. మీటరు, సెకను వ్యక్తుల పేర్లు కావు గనుక వాని సంకేతములు చిన్నబడిలోనే యుండును. లీటరు సంకేతమగు చిన్న ఎల్ ఒకటి అంకెవలె కనబడుచుండుటచే, 1979లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ పెద్ద ఎల్‌ను కూడ అంగీకరించినది.

వాట్ సంకేతమునకు ముందు చిన్న ఎం ఉన్నచో మిల్లీవాట్, పెద్ద ఎం ఉన్నచో మెగావాట్. ఈ రెంటికిని నూరు కోట్ల రెట్లు వ్యత్యాసము! అట్లే పెద్ద సీ ప్రక్కన చిన్న ఓ వ్రాసిన కోబాల్ట్ లోహము. పెద్ద ఓ వ్రాసిన కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు. ప్రయోగశాలలో సీసాపై అంటించు చీటీయందు ఈ పొరపాటు దొర్లినచో, అది మార్కులతో పోవునది కాదు.

శీర్షికలలో ముఖ్య పదములన్నిటికిని పెద్దబడి వాడువారును, మొదటి పదమునకు మాత్రమే వాడువారును గలరు. ఏది యెన్నుకొన్నను నివేదిక చివరివరకు దానినే పాటింపవలెను.

కావున వ్యాసము గాని, ఉద్యోగపు దరఖాస్తు గాని ముగించిన పిమ్మట కేవలము అక్షరముల కొరకే మరియొక పర్యాయము చదువుడు. ప్రతి పెద్దబడి యెదుటను ఆగి, 'ఇది వాక్యారంభమా? పేరా? సంకేతమా?' అని ప్రశ్నింపుడు. మూడింటికిని కాదను సమాధానమే వచ్చినచో దానిని చిన్నబడిగా దిద్దుడు.