సున్నా, ఒకటి, రెండు: స్క్రిప్టు ఇచ్చే జవాబు

జకాత్, సదఖా సొమ్ము అమానతు. అది ఎవరికి ఎంత చేరిందో రాసిన లెక్క కూడా అమానతే. నేడు ఆ లెక్క చాలా సంఘాల్లో కంప్యూటర్‌లో ఉంటోంది. రోజూ చేయాల్సిన పనులను ‘షెల్ స్క్రిప్టు’ అనే ఆజ్ఞల జాబితాగా రాసి పెడితే కంప్యూటర్ వాటిని వరుసగా చేసుకుపోతుంది. అయితే ఆ పని నిజంగా జరిగిందని ఎలా తెలుస్తుంది?

లినక్స్‌లో ప్రతి ఆజ్ఞా ముగిసేటప్పుడు 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య ఇస్తుంది. దీన్నే ఎగ్జిట్ కోడ్ అంటారు. 0 అంటే పని అయింది. వేరే ఏది వచ్చినా కారణం చూడాలి. ఉదాహరణకు 127 అంటే ఆ పేరుగల ఆజ్ఞే దొరకలేదు. ఈ సంఖ్య ‘$?’లో ఉంటుంది. తర్వాతి ఆజ్ఞ నడవగానే మారిపోతుంది కనుక వెంటనే చూసుకోవాలి.

వితంతు సహాయ జాబితాలో ఒక పేరును ‘గ్రెప్’ ఆజ్ఞతో వెతికామనుకుందాం. పేరు ఉంటే 0, లేకపోతే 1, జాబితా ఫైలే తెరుచుకోకపోతే 2 వస్తుంది. ‘లేదు’ అనడం వేరు, ‘చూడలేకపోయాను’ అనడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘జాబితాలో లేరు’ అని రాసే స్క్రిప్టు ఉంటే, ఫైలు పేరు మారిన రోజున అర్హురాలైన సోదరికి సాయం ఆగిపోతుంది. 2 వస్తే స్క్రిప్టు అక్కడే ఆగి బాధ్యుడికి తెలపాలి.

రెండో చిక్కు బ్యాకప్‌లో ఉంది. డేటాను బయటికి తీసే ఆజ్ఞను, దాన్ని కుదించే ‘జీజిప్’ను పైపు గుర్తుతో కలుపుతారు. బాష్ మామూలుగా చివరి ఆజ్ఞ జవాబునే తీసుకుంటుంది. మొదటిది విఫలమైనా, వచ్చిన కాస్తనే కుదించి జీజిప్ 0 ఇస్తుంది. దాన్ని నమ్మి పాత కాపీలు తుడిచేస్తే చేతిలో ఖాళీ ఫైలే మిగలవచ్చు. స్క్రిప్టు మొదట్లో ‘పైప్‌ఫెయిల్’ అమరిక పెడితే, వరుసలో ఏది విఫలమైనా సున్నా కాని సంఖ్య వస్తుంది. పాత కాపీలు తుడిచే ఆజ్ఞను ‘&&’ తర్వాత రాస్తే, ముందు పని 0 ఇస్తేనే అది నడుస్తుంది.

అప్పు రాసుకునేటప్పుడు సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ (2:282) బోధిస్తోంది. 0 అనేది ఆజ్ఞ తన గురించి తాను చెప్పుకునే మాట మాత్రమే. దానికి సాక్షి కావాలంటే కాపీని తెరిచి చూడాలి. కాబట్టి దాతలు తాము సాయం చేసే సంఘాన్ని రెండు ప్రశ్నలు అడగవచ్చు. బ్యాకప్ విఫలమైతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? చివరిసారి దాన్ని తెరిచి చూసింది ఎప్పుడు?