తాతల నాటి ఇల్లు వెతకాలంటే

తాతల పొలం ఎక్కడుందో కనుక్కోవడం కొంత తేలిక. పొలానికి సర్వే నంబరుంటుంది, అడంగల్‌లోనో పహాణీలోనో పేరు దొరుకుతుంది. ఇల్లు అలా కాదు. ఊళ్లో ఇళ్లున్న చోటు చాలావరకు గ్రామకంఠం. ఎవరి గడప ఎక్కడో పాత రెవెన్యూ లెక్కలు చెప్పవు. అందుకే మొదటిరోజే తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తకండి.

ముందు పెద్దవాళ్లను అడగండి. అందులోనూ ఆ ఇంట్లో పుట్టి, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచులను ముందు అడగండి. తర్వాత జరిగిన మార్పులు వాళ్లు అంతగా చూసి ఉండరు కాబట్టి పాత ఇల్లు వాళ్ల మనసులో చెరగకుండా ఉంటుంది. "ఇల్లెక్కడ?" అంటే "ఊళ్లోనే" అంటారు. వాకిలి ఏ దిక్కుకు ఉండేది, నీళ్లు ఏ బావి నుంచి తెచ్చేవారు, ఉమ్మడి గోడ ఎవరితో, ఎదురింట్లో ఎవరు అని విడివిడిగా అడగండి. ఇరుగుపొరుగు పేర్లు మాత్రం తప్పకుండా రాసుకోండి. ఇక మీదట పనంతా వాటితోనే.

తర్వాత ఊరిని పాత లెక్కల్లో గుర్తించాలి. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు కాగితాల్లో తాలూకా, ఫిర్కా ఉంటాయి. జిల్లా పేరూ మారి ఉండొచ్చు. 1970కి ముందు ఒంగోలు జిల్లాయే లేదు, 1979కి ముందు విజయనగరం జిల్లా లేదు. కాగితం మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి: ఫసలీ 1364 అంటే 1954-55. విక్రమ నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1880-81 కావచ్చు, 1940-41 కావచ్చు. సంతకం చేసినవారి తరాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఇప్పుడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. నా దృష్టిలో అసలు నిధి ఇక్కడే ఉంది. క్రయ దస్తావేజు అయినా, తనఖా అయినా, అన్నదమ్ముల భాగపంపకం అయినా అందులో చెక్కుబందీ రాస్తారు: తూర్పున ఫలానావారి పెరటి గోడ, దక్షిణాన సందు, పడమర ఫలానావారి ఇల్లు, ఉత్తరాన రాజవీధి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటికి ఊరి పేరు, యజమాని పేరు, తెలిసిన హద్దులు రాసి ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. దొరికితే నకలు తీసుకోండి.

మీ ముత్తాత పేరున దస్తావేజే దొరకలేదా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగకూడదు. పక్కింటివాళ్లు ఎప్పుడో అమ్ముకునో తాకట్టు పెట్టుకునో ఉంటారు. వాళ్ల దస్తావేజు హద్దుల్లో మీ ముత్తాత పేరు ఉంటుంది. మన ఇంటి జాడ మన పెట్టెలో కంటే పొరుగింటివారి కాగితంలో దొరికే అవకాశమే ఎక్కువ. ఆ పొరుగింటి వారసులు ఇంకా అక్కడే ఉంటే, పక్కన ఉన్నది మీ ఇంటి స్థలమే.

ఇలా దొరికిన జాడను పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరుతో సరిచూసుకోండి. ఇంటి నంబర్లు మారుతూ వచ్చాయి కాబట్టి నంబరును ఒక్కదాన్నే నమ్మొద్దు. పాత ఓటర్ల జాబితాలు ఇంటి వరసలో ఉంటాయి. మీవాళ్ల పేరుకు ముందూ వెనకా ఎవరున్నారో చూడండి.

తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. పాత చేతిరాత చదవగల పెద్దమనిషి తోడు కావాలి. హైదరాబాదు నగరంలోని ఇల్లయితే 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో గీసిన మునిసిపల్ పటాలు చూడండి. వీధి వీధీ విడిగా కనిపించేంత వివరంగా ఉంటాయి.

దస్తావేజు రాయించుకునే స్తోమత లేని కుటుంబాలే ఎక్కువ. పాలేర్లకు, కూలీలకు, చేతిపనుల వాళ్లకు కాగితం ఉండదు. వాళ్ల గుడిసె కూడా పక్కవాళ్ల దస్తావేజులో హద్దుగా రావచ్చు. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు దొరకవచ్చు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు వెళ్లినవాళ్ల ఓడ జాబితాల్లో జిల్లా, ఊరి పేర్లు రాసి ఉంటాయి. గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసిన పేర్లవి, పైకి చదివితేనే ఊరు తెలుస్తుంది.

ఊరు శ్రీశైలం జలాశయంలోనో నాగార్జునసాగర్‌లోనో మునిగిపోయి ఉంటే భూసేకరణ అవార్డు కాగితాలు అడగండి. పరిహారం లెక్కల కోసం ఎవరి ఇల్లు ఏమిటో రాసుకున్నారు.

స్థలం తేలాక నేరుగా వెళ్లి తలుపు తట్టకండి. ఊళ్లో తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. పాత యజమాని మనవలు వచ్చారంటే ఆ ఇంటివాళ్లకు మొదట కలిగేది భయమే, వాటా అడగడానికి వచ్చారేమోనని. అందుకే ఆస్తి కోసం రాలేదని కూర్చోకముందే చెప్పండి. ఫొటో తీసేముందు అనుమతి అడగండి. బావి, అరుగు, ఇరుగుపొరుగు పేర్లతో ఒక పటం గీసి, తేదీ వేసి, నకలొకటి ఆ ఇంటివాళ్లకూ ఇవ్వండి.