ర్యాంకు కమాండ్ ఒక్క లైనే.. ఇంటర్వ్యూలో అడిగేది దాని వెనుక లెక్క

ఖరీఫ్ ముగిసేసరికి కర్నూలు, కడప జిల్లాల్లో ఒకటే చర్చ: ఈసారి కరువు జాబితాలోకి ఏయే మండలాలు వస్తాయి? ఆ చర్చకు మూలం మండలాలవారీ వాన లెక్కలు. డేటా అనలిస్టు కావాలనుకునే ఇక్కడి డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టీసుకు ఇంతకంటే దగ్గరి డేటా ఉండదు.

దేనికి ర్యాంకు?
కర్నూలు జిల్లా పడమటి ఆలూరు, ఆస్పరి వైపు మామూలుగానే వాన తక్కువ. నల్లమల వైపు ఎక్కువ. కురిసిన మిల్లీమీటర్లకే ర్యాంకులిస్తే దాదాపు ఏటా పడమటి మండలాలే కరువు వరుసలో ముందుంటాయి. ఈ ఏడాది ఎవరు ఎక్కువ దెబ్బతిన్నారో తేలాలంటే సాధారణ వర్షపాతంతో పోల్చి, లోటు శాతానికి ర్యాంకివ్వాలి. వాతావరణ శాఖ లెక్కలో 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు, 60 నుంచి 99 దాకా అయితే తీవ్ర లోటు.

సమానంగా వస్తే?
నాలుగు మండలాల లోటు 42, 35, 35, 18 శాతం అనుకుందాం. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లయిన స్టాటాలో ఈజెన్ ర్యాంక్, ఆర్‌లో ర్యాంక్ మామూలుగా చిన్న అంకెకు 1 ఇస్తాయి. పెద్ద లోటు ముందు రావాలంటే వేరియబుల్ ముందు మైనస్ పెట్టాలి. అప్పుడు 1, 2.5, 2.5, 4 వస్తాయి. ఎక్సెల్ ర్యాంక్.ఈక్యూ, స్టాటా 'ఫీల్డ్' ఆప్షన్ అయితే మైనస్ లేకుండానే 1, 2, 2, 4. పైథాన్ పాండాస్‌లో పెద్దది ముందు వచ్చేలా పెడితే 'డెన్స్' పద్ధతి ఇచ్చేది 1, 2, 2, 3. స్పియర్‌మన్ కోరిలేషన్‌కు సగటు ర్యాంకే కావాలి. జనం చదివే జాబితాలో మాత్రం రెండున్నరో ర్యాంకు పెడితే నవ్వుతారు.

ఖాళీ గడి సున్నా కాదు
రీడింగు అందని చోట సున్నా కొడితే ఆ మండలం నూరు శాతం లోటుతో మొదటి ర్యాంకు కొట్టేస్తుంది. కమాండ్ ఇచ్చే ముందే ఖాళీలు, సున్నాలు విడివిడిగా లెక్కపెట్టుకోవాలి.

ఉద్యోగాలెక్కడ?
డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివినవారు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు పోటీ పడొచ్చు. వయసు, ఇతర అర్హతలు తాజా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ప్రైవేటు కంపెనీల్లో ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్ అడుగుతారు.

ఆర్, పైథాన్ రెండూ ఉచితమే. మీ జిల్లా వాన లెక్కలతో ఒక ప్రాజెక్టు చేయండి. ఏ పద్ధతిలో ర్యాంకులిచ్చారో, ఎందుకిచ్చారో రెండు వాక్యాల్లో రాసి రెజ్యూమెకు జతచేయండి.